ఫోర్టిగేట్‌ను ఫిప్స్-సీసీ మోడ్‌లోకి తేవాలంటే: కమాండ్ ఒక్కటే, పని రెండు రోజులది

మెయిల్‌లో ఒక్క లైనే ఉంటుంది: "ఎడ్జ్ ఫైర్‌వాల్ ఫిప్స్ మోడ్‌లో ఉండాలి, శుక్రవారం లోపు రుజువు పంపండి." అది ఒక్క కమాండేనని మేనేజర్ ఎక్కడో చదివి ఉంటాడు. "ఈ రాత్రికి కొట్టేయ్, పొద్దునకల్లా అయిపోతుంది" అంటాడు. నిజమే, కమాండ్ ఒక్కటే. కానీ అది కొట్టిన మరుక్షణం ఆ బాక్స్‌లో పాలసీలు, వీపీఎన్‌లు, రూట్లు, యూజర్లు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పోర్టులన్నీ పడుకుంటాయి. మీరు బాక్స్ ముందు కన్సోల్ కేబుల్ పట్టుకుని నిలబడి ఉంటే సరే, లేకపోతే ఆఫీసు మొత్తం పొద్దున మీ సీటు చుట్టూ చేరుతుంది.

అందుకే ఈ పని ఏ వరసలో చేయాలో ఫోర్టినెట్ కంపెనీ ఫైర్‌వాల్ అయిన ఫోర్టిగేట్‌ను ఉదాహరణగా తీసుకుని చెబుతాను. ఇంకో కంపెనీ బాక్స్ అయితే కమాండ్లు వేరుగా ఉంటాయి, ఆలోచన మాత్రం ఇదే. ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లను ఫోన్లో పక్కవాడికి చదివి చెప్పినట్టు తెలుగులోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేది మామూలుగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.

అసలు ఈ మోడ్ దేనికి

ఫిప్స్ 140 అమెరికా ప్రభుత్వ ప్రమాణం. ఎన్‌క్రిప్షన్ చేసే పరికరం ఎలా ఉండాలో, ఏ అల్గారిథమ్‌లు వాడాలో అది చెబుతుంది. 140-2 వెర్షన్ 2001లో, 140-3 వెర్షన్ 2019లో వచ్చాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, కెనడా సైబర్ సెక్యూరిటీ సంస్థ కలిసి నడిపే సీఎంవీపీ అనే కార్యక్రమం ఈ సర్టిఫికెట్లు ఇస్తుంది. సీసీ అంటే కామన్ క్రైటీరియా. అది అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 15408. మన దేశంలో దాన్ని ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద ఉన్న ఎస్‌టీక్యూసీ నడుపుతుంది. ఇలాంటి సర్టిఫికెట్లు ఇవ్వగలిగే సభ్యదేశంగా భారత్‌కు 2013లో గుర్తింపు వచ్చింది.

మన దగ్గర ఈ పని ఎవరికి తగులుతుంది? హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ప్రభుత్వ క్లయింట్ల క్లౌడ్ చూసుకునే టీమ్‌లకు తగులుతుంది. అక్కడి రక్షణ శాఖకు సరుకు అమ్మే కంపెనీలకు పనిచేసేవాళ్లకు తగులుతుంది, ఎందుకంటే నిస్ట్ 800-171 అనే పత్రంలో 3.13.11 అనే నిబంధన ఫిప్స్ వ్యాలిడేట్ అయిన ఎన్‌క్రిప్షనే వాడమంటుంది. టెండర్ కాగితాల్లో "ఫిప్స్ లేదా కామన్ క్రైటీరియా" అన్న మాట చూసి ఉలిక్కిపడిన సిస్టమ్ ఇంటిగ్రేటర్లకూ తగులుతుంది. వీటిలో ఏదీ మీకు వర్తించకపోతే, కేవలం "సెక్యూరిటీ పెరుగుతుంది కదా" అని ఈ మోడ్ పెట్టకండి. బలమైన సైఫర్లు, అంటే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు కావాలంటే మామూలు మోడ్‌లోనే స్ట్రాంగ్-క్రిప్టో సెట్టింగ్ ఉంది. ఫిప్స్ మోడ్‌తో అదనంగా దక్కేది ఒక కాగితానికి లోబడి ఉన్నామన్న రుజువు. దానికి రోజూ కొంత మూల్యం చెల్లించాలి.

ముందు కాగితం చూడండి

బాక్స్‌ను ముట్టుకోకముందే నిస్ట్ వెబ్‌సైట్‌లో సీఎంవీపీ జాబితా తెరిచి మీ మోడల్ వెతకండి. ఎక్కువమంది చతికిలబడేది ఇక్కడే. "ఫోర్టిగేట్‌కు ఫిప్స్ ఉంది" అనే మాటకు అర్థం లేదు. సర్టిఫికెట్ ఫలానా హార్డ్‌వేర్ మోడల్‌కు, అందులో నడిచే సాఫ్ట్‌వేర్, అంటే ఫలానా ఫర్మ్‌వేర్ బిల్డ్‌కు వస్తుంది. మీ బాక్స్ మీద ఉన్న మోడల్ నంబరు, లోపల ఉన్న బిల్డ్ నంబరు రెండూ ఆ కాగితంలో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

జాబితాలో స్టేటస్ కూడా చూడండి. యాక్టివ్ అని ఉంటే చింత లేదు. హిస్టారికల్ అని ఉంటే గడువు తీరినట్టు: ఇప్పటికే నడుస్తున్న సిస్టమ్‌లో ఆ రిస్క్ మాదేనని సంస్థ ఒప్పుకుని వాడుకోవచ్చు కానీ, కొత్తగా కొనడానికి పనికిరాదు. రివోక్డ్ అని ఉంటే దాన్ని మర్చిపోండి. 140-2 సర్టిఫికెట్లన్నిటికీ 2026 సెప్టెంబర్ 21 ఆఖరి గడువు, ఆ తర్వాత అవి హిస్టారికల్‌లోకి పోతాయి. కాబట్టి కొత్త పని మొదలుపెడుతుంటే 140-3 ఉన్న మోడల్, బిల్డ్ కోసమే వెతకండి.

బ్రోషర్ల విషయంలో జాగ్రత్త. "ఫిప్స్ కంప్లయింట్" అని పెద్దక్షరాల్లో వేస్తారు. అది కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాట. "ఫిప్స్ వ్యాలిడేటెడ్" అంటేనే ల్యాబ్‌లో పరీక్షించి నంబరు ఇచ్చారని. ఆడిటర్ మొదట అడిగేది ఆ సర్టిఫికెట్ నంబరే. "ప్రాసెస్‌లో ఉంది" అన్నా చెల్లదు.

సర్టిఫికెట్ పేజీలోనే సెక్యూరిటీ పాలసీ అనే పీడీఎఫ్ ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి. పెద్దదేం కాదు, టీ తాగుతూ చదివేయొచ్చు. ఏ కమాండ్ కొట్టాలి, ఏ అల్గారిథమ్‌లు వాడొచ్చు, సీల్ ఎక్కడ అంటించాలి అన్నీ బొమ్మలతో సహా అందులోనే ఉంటాయి. అందులో "క్రిప్టో ఆఫీసర్" అని ఒకాయన పేరు పదేపదే వస్తుంది. బిట్‌కాయిన్‌కూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. ఆ ఆఫీసర్ మీరే, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే.

లెవెల్ ఎంతో కూడా అందులోనే గమనించండి. ఫిప్స్‌లో 1 నుంచి 4 వరకు లెవెల్స్ ఉన్నాయి. ఫోర్టిగేట్‌లో నడిచే ఫోర్టిఓఎస్ ఫర్మ్‌వేర్‌కు విడిగా తీసుకున్న సర్టిఫికెట్ సాధారణంగా లెవెల్ 1, హార్డ్‌వేర్ బాక్స్‌తో కలిపి తీసుకున్నది లెవెల్ 2. క్లయింట్ ఏది అడిగాడో రాతపూర్వకంగా తెప్పించుకోండి. లెవెల్ 2 అయితేనే సీళ్ల పని ఉంటుంది.

ఫర్మ్‌వేర్, సీళ్లు

సర్టిఫై అయిన బిల్డ్‌ను ఫోర్టినెట్ సపోర్ట్ సైట్ నుంచే దించుకోవాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు, పాత ప్రాజెక్టు ల్యాప్‌టాప్‌లో మిగిలిపోయిన ఫైలు వద్దే వద్దు. డౌన్‌లోడ్ పేజీలోనే చెక్‌సమ్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది ఇస్తారు. విండోస్‌లో సర్ట్‌యుటిల్‌తోనో, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ512సమ్‌తోనో ఫైలు చెక్‌సమ్ తీసి రెండూ పోల్చండి. ముందు నాలుగు, వెనక నాలుగు అక్షరాలు చూసి వదిలేయకుండా మొత్తం కాపీ చేసి సరిచూసి, సరిపోతేనే బాక్స్‌లో ఎక్కించండి. ఆ స్క్రీన్‌షాట్ దాచండి, తర్వాత పనికొస్తుంది.

సీళ్లు ట్యాంపర్ ఎవిడెంట్ రకానివి. బాక్స్ మూత ఎవరైనా తెరిస్తే చిరిగి పట్టిస్తాయి. విడిగా ఆర్డర్ చేసుకోవాలి, ముందే చెప్పకపోతే ఆ ఒక్క కవరు కోసం ప్రాజెక్టు ఆగిపోతుంది. ఎన్ని, ఎక్కడ అనేది మోడల్‌ను బట్టి మారుతుంది. పాలసీ పీడీఎఫ్‌లో బొమ్మ చూసి అచ్చం అలాగే అంటించాలి. అంటించే చోటును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. చేతికి అందింది కదా అని శానిటైజర్ రుద్దే వాళ్లను చూశాను. అందులో గ్లిజరిన్ కలుస్తుంది, జిడ్డు మిగులుతుంది, నెల తిరక్కుండానే సీల్ అంచు లేస్తుంది. అప్పుడు ఆడిటర్ దృష్టిలో అది విప్పిన బాక్సే. ఒకసారి అంటించినదాన్ని పీకి మళ్లీ అంటించడం కుదరదు. పాతదాన్ని, దాని జిగురును పూర్తిగా తీసేసి కొత్తది వేయాలి. ర్యాక్‌లో బిగించకముందే, నాలుగు వైపులా ఫోటోలు తీసి తేదీ రాసి పెట్టుకోండి. బిగించాక పైభాగం కనపడదు.

ఉన్నదంతా రాసుకోండి

మీది ఇప్పటికే నడుస్తున్న బాక్స్ అయితే, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. కాన్ఫిగ్ బ్యాకప్ తీయండి, కానీ దాని మీదే భరోసా పెట్టుకోకండి. మామూలు మోడ్‌లో తీసిన బ్యాకప్‌ను మొత్తంగా తెచ్చి ఫిప్స్ మోడ్‌లో రీస్టోర్ చేసేయాలని చూడటం తలనొప్పిని పిలిచి పీట వేయడమే. ఆ ఫైలును టెక్స్ట్‌గా తెరిచి, అడ్రస్ ఆబ్జెక్టులు, సర్వీసులు, పాలసీలు, రూట్లు అని ముక్కలుగా కోసుకోండి. తర్వాత ఒక్కో ముక్కను సీఎల్ఐలో, అంటే కమాండ్లు కొట్టే తెరలో పేస్ట్ చేస్తూ వెళ్తే ఏ లైను దగ్గర తన్నిందో వెంటనే తెలుస్తుంది.

వీపీఎన్‌ల ప్రీ-షేర్డ్ కీలు, లోకల్ యూజర్ల పాస్‌వర్డ్‌లు, ఎల్‌డాప్ (యూజర్ల డైరెక్టరీ) బైండ్ పాస్‌వర్డ్, సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలు మళ్లీ చేత్తో ఎక్కించుకునేలా అసలువి దగ్గర పెట్టుకోండి. మోడ్ మారేటప్పుడు బాక్స్ తన దగ్గరున్న కీలన్నిటినీ చెరిపేస్తుంది, దాన్నే జీరోయైజేషన్ అంటారు. అవతలి కంపెనీతో నాలుగేళ్ల కింద పెట్టుకున్న వీపీఎన్ కీ ఎవరి దగ్గరా లేదని రాత్రి రెండింటికి తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

అవతలి వాళ్లకు ఈ వారమే ఫోన్ చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫిప్స్ మోడ్‌లో త్రిపుల్ డెస్, ఎండీ5 లాంటి పాత పద్ధతులు, రెండు వైపులా కీ కుదుర్చుకునే డీహెచ్‌లో గ్రూపు 2, గ్రూపు 5 నడవవు. ఏఈఎస్, ఎస్‌హెచ్‌ఏ256 లేదా ఆపైన, డీహెచ్ గ్రూపు 14, లేదంటే ఎలిప్టిక్ కర్వ్ గ్రూపులైన 19, 20 కావాలి. గ్రూపు 2 అంటే 1024 బిట్లు, 5 అంటే 1536, 14 అంటే 2048, తేడా అది. మీ వైపు మార్చి అవతల మార్చకపోతే టన్నెల్ లేవదు. అవతల ఏదో బ్రాంచిలో పదేళ్ల నాటి రౌటర్ ఉంటే దానికి ముందుగా వైద్యం చేయించాలి. ఇక్కడ చిన్న ముక్క: వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఎంత బాగా ఉన్నా ఇక్కడ కుదరదు. అది చాచా20 మీద నడుస్తుంది, ఫిప్స్ ఆమోదించిన జాబితాలో అది లేదు. మంచి అల్గారిథమ్ కావడం, ఆమోదం పొందినది కావడం రెండూ ఒకటి కాదని దీన్ని చూస్తేనే అర్థమవుతుంది.

కన్సోల్ దగ్గర

ఇప్పుడు అసలు పని. ఈ మోడ్‌ను బాక్స్ పక్కన నిలబడి, కన్సోల్ నుంచే ఆన్ చేయాలి. ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌లో చేసే పని కాదు. కన్సోల్ కేబుల్ పెట్టి టెర్మినల్‌లో 9600 బాడ్, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు అని సెట్ చేయండి. సెషన్ లాగింగ్ ఆన్ చేయండి. తెర మీద వచ్చే ప్రతి అక్షరం ఫైల్లో పడాలి, రేపు రుజువు అదే.

ముందుగా గెట్ హార్డ్‌వేర్ స్టేటస్ కొట్టి ఏసిక్ (లోపలి ప్రత్యేక చిప్) వెర్షన్ చూడండి. కీలు పుట్టించాలంటే ఊహించడానికి వీల్లేని యాదృచ్ఛికత కావాలి, దాన్నే ఎంట్రోపీ అంటారు. సీపీ9 లాంటి చిప్‌లు ఉన్న మోడళ్లకు అది లోపలి నుంచే దొరుకుతుంది. అలాంటిది లేని మోడళ్లకు ఎంట్రోపీ టోకెన్ అని యూఎస్‌బీలో పెట్టే చిన్న పరికరం కావాలి. మీ మోడల్‌కు ఏది వర్తిస్తుందో ఆ సెక్యూరిటీ పాలసీ పీడీఎఫ్‌లో రాసి ఉంటుంది.

ఆ టోకెన్ గురించి ఒకటి చెప్పి తీరాలి. ఒకచోట అంతా సవ్యంగా పెట్టి వచ్చాం. మూడు వారాల తర్వాత ఆదివారం కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక ఫైర్‌వాల్ లేవలేదు. లైట్లు వెలుగుతున్నాయి, పోర్టులు పలకవు. హార్డ్‌వేర్ పోయిందనుకుని కొత్త బాక్స్ కోసం మెయిల్ కూడా పెట్టేశారు. వెళ్లి కన్సోల్ పెట్టి చూస్తే, పాపం అది టోకెన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. టోకెన్ ఏదీ? అక్కడ పనిచేసే కుర్రాడు "ఎవరిదో పెన్‌డ్రైవ్ మర్చిపోయారు" అని పీకి, భద్రంగా తన డెస్క్ సొరుగులో పెట్టాడు. అతని తప్పు ఏముంది, మేం దాని మీద ఒక ముక్క రాసి అంటించలేదు. ఇప్పుడు నేను టోకెన్ పెట్టిన ప్రతి బాక్స్‌కూ "ఇది పెన్‌డ్రైవ్ కాదు, పీకొద్దు" అని లేబుల్ వేసి వస్తాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ.

సరే, కమాండ్. కాన్ఫిగ్ సిస్టమ్ ఫిప్స్-సీసీ అని లోపలికి వెళ్లండి. టోకెన్ తప్పనిసరి అయిన మోడల్ అయితే సెట్ ఎంట్రోపీ-టోకెన్ ఎనేబుల్ కొట్టండి. ఎనేబుల్ పెడితే టోకెన్ లేకుండా బాక్స్ లేవదు, డైనమిక్ పెడితే ఉంటే వాడుకుంటుంది, లేకపోతే ముందుకు పోతుంది. మీకు తోచింది కాకుండా పాలసీలో ఏది రాస్తే అదే పెట్టండి. తర్వాత సెట్ స్టేటస్ ఎనేబుల్, ఆపైన ఎండ్.

ఇక్కడ అడ్మిన్‌కు కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది, రెండుసార్లు. కనీసం 8 అక్షరాలు ఉండాలి. దానితోపాటు, కాన్ఫిగరేషన్ చాలావరకు పోతుంది, కొనసాగాలా అని హెచ్చరిస్తుంది. ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. బ్యాకప్ ల్యాప్‌టాప్‌లో ఉందా, ఫైలు తెరుచుకుంటోందా, పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసి పెట్టారా? అన్నీ సరే అనుకున్నాకే వై నొక్కండి.

రీబూట్ అవుతుంది. ఇప్పుడు తెర మీద రోజూ కనపడనిది కనపడుతుంది. సెల్ఫ్-టెస్ట్‌లు మొదలవుతున్నాయని చెప్పి ఒక్కొక్కటీ లైనుగా వస్తుంది: ఏఈఎస్ టెస్ట్, పక్కన పాస్డ్, హెచ్‌మ్యాక్ టెస్ట్, పాస్డ్, ఆర్ఎస్ఏ టెస్ట్, పాస్డ్. ముందే జవాబు తెలిసిన లెక్కను తనకు తానే ఇచ్చుకుని, అదే జవాబు వస్తోందో లేదో చూసుకుంటుంది. ఫర్మ్‌వేర్ సంతకం చెడిందా, కాన్ఫిగ్ ఫైలును ఎవరైనా కెలికారా అని కూడా చూసుకుంటుంది. బాక్స్ ఎప్పుడు ఆన్ అయినా ఇదంతా జరుగుతుంది కాబట్టి బూట్ టైమ్ కాస్త పెరుగుతుంది. పక్కన ఉన్నవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే "హ్యాంగ్ అయింది" అని పవర్ పీకేస్తారు.

లాగిన్ అయ్యాక గెట్ సిస్టమ్ స్టేటస్ కొట్టండి. ఫిప్స్-సీసీ మోడ్ అనే లైను ఎదురుగా ఎనేబుల్ అని ఉండాలి. ఆ లైను చూసి ఫోటో తీసి గ్రూపులో పెట్టేసి ఇంటికి వెళ్లిపోయే వాళ్లున్నారు. ఇల్లలకగానే పండగ కాదు.

మళ్లీ మొదటి నుంచి కట్టుకోవడం

వెబ్ పేజీ తెరుద్దామని 192.168.1.99 కొడితే రాదు. పోర్టులు పడుకుని ఉంటాయని ముందే చెప్పాను కదా. కన్సోల్ నుంచే కాన్ఫిగ్ సిస్టమ్ ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి, మేనేజ్‌మెంట్ పోర్టుకు ఐపీ ఇచ్చి, సెట్ స్టేటస్ అప్ కొట్టాలి. ఈ చివరి ముక్కే అందరూ మర్చిపోతారు, ఎందుకంటే మామూలు మోడ్‌లో దాన్ని కొట్టాల్సిన అవసరమే రాదు. కేబుల్ మార్చి, స్విచ్ పోర్టు మార్చి, చివరికి ఎస్ఎఫ్‌పీ కూడా మార్చి చూస్తారు. అలౌయాక్సెస్‌లో హెచ్‌టీటీపీఎస్, ఎస్‌ఎస్‌హెచ్ ఈ రెండే పెట్టండి. హెచ్‌టీటీపీ, టెల్నెట్ మాట ఎత్తకండి.

ఇక అడ్మిన్ల సంగతి. కాన్ఫిగ్ సిస్టమ్ పాస్‌వర్డ్-పాలసీలో స్టేటస్ ఎనేబుల్ చేసి, పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి చేయండి. ఫిప్స్‌కు 8 అక్షరాలు చాలు గానీ నేను 15 పెడతాను. అడ్మిన్ అనే ఒక్క ఖాతాను నలుగురూ వాడటం మానేసి మనిషికొక ఖాతా, ప్రతి ఖాతాకూ ట్రస్టెడ్ హోస్ట్, అంటే ఏ ఐపీ నుంచి లాగిన్ కావచ్చో పెట్టండి. కామన్ క్రైటీరియా లాగిన్‌కు ముందు హెచ్చరిక బ్యానర్ అడుగుతుంది. గ్లోబల్ సెట్టింగ్స్‌లో ప్రీ-లాగిన్-బ్యానర్ ఎనేబుల్ చేస్తే సరి. తప్పు పాస్‌వర్డ్‌కు లాకౌట్, ఖాళీగా ఉంటే సెషన్ తెగిపోవడం ఉన్నాయో లేదో చూసుకోండి.

లాగిన్‌ను ఎల్‌డాప్‌కు కలిపారా? ఎన్‌క్రిప్షన్ లేకుండా 389 పోర్టులో కుదరదు, ఎల్‌డాప్స్‌గా 636లోకి మార్చి సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసేది) సర్టిఫికెట్ ఎక్కించాలి. లాగిన్ సరిచూసే ఇంకో ప్రొటోకాల్ రేడియస్ ఉంటే ఆలోచించాలి. ఆ ప్రొటోకాల్ పుట్టుకలోనే ఎండీ5 ఉంది. వీలైతే తీసేయండి, తప్పదంటే ఐపీసెక్ టన్నెల్ లోపలి నుంచి పంపండి. మానిటరింగ్‌కు వాడే ఎస్ఎన్ఎంపీ అయితే వెర్షన్ 3, ఎస్‌హెచ్‌ఏ, ఏఈఎస్‌తో. లాగ్‌లు బయటికి పంపే సిస్‌లాగ్‌ను రిలయబుల్ మోడ్‌లో పెట్టి ఎన్‌క్రిప్షన్ హై చేయండి. మానిటరింగ్ టీమ్ వాళ్లు "మా సాఫ్ట్‌వేర్‌లో వెర్షన్ 2సీ తప్ప లేదు" అని గొణుగుతారు. ఆ గొడవ ముందు వారమే తేల్చుకుని ఉండాల్సింది.

వెబ్ పేజీకి ఫ్యాక్టరీ సర్టిఫికెట్ వదిలేయకుండా మీ సంస్థ సీఏ నుంచి ఆర్ఎస్ఏ 2048 లేదా పీ-256 కీతో, ఎస్‌హెచ్‌ఏ256 సంతకంతో తెచ్చి పెట్టండి. పాత కీని తెచ్చి వాడే బదులు బాక్స్‌లోనే సీఎస్ఆర్ (సర్టిఫికెట్ కోసం దరఖాస్తు) పుట్టిస్తే ప్రైవేట్ కీ బయటికే రాదు, ఆడిటర్‌కు వివరణ ఇచ్చే బాధా తప్పుతుంది.

తర్వాత కోసి పెట్టుకున్న ముక్కలు: ఆబ్జెక్టులు, సర్వీసులు, రూట్లు, పాలసీలు, చివరగా వీపీఎన్‌లు. వీపీఎన్ కుదిరే రెండు దశలు, ఫేజ్ 1, ఫేజ్ 2 రెండింటిలోనూ ప్రపోజల్ (వాడే అల్గారిథమ్‌ల జాబితా) చూడండి. ఫేజ్ 1 మార్చి ఫేజ్ 2లో పాత ఎస్‌హెచ్‌ఏ1ను అలాగే వదిలేయడం నాకే రెండుసార్లు జరిగింది.

ఒకటి పడిపోతే ఇంకోటి అందుకునే రెండు బాక్సుల హెచ్ఏ అయితే క్లస్టర్‌లో ఉండగా ఈ పని చేయకండి. రెండింటినీ విడదీసి, దేనికది ఫిప్స్ మోడ్‌లోకి తెచ్చి, ఒకే బిల్డ్ అని సరిచూసి, అప్పుడు కలపండి. రెండు బాక్సులూ ఒకదాన్నొకటి పలకరించుకునే హార్ట్‌బీట్‌కు ఎన్‌క్రిప్షన్, అథెంటికేషన్ రెండూ ఎనేబుల్ చేయండి. బాక్సుకు ఒక్కో సీళ్ల సెట్టు, అవసరమైతే ఒక్కో టోకెన్.

పరీక్ష, ప్యాచ్

సెల్ఫ్-టెస్ట్‌లు కావాలనుకున్నప్పుడు కూడా నడపొచ్చు: ఎగ్జిక్యూట్ ఫిప్స్ క్యాట్ ఆల్ (క్యాట్ అంటే కే-ఏ-టీ, సీ కాదు). అన్నీ పాస్ అయినట్టు వచ్చిన లాగ్, గెట్ సిస్టమ్ స్టేటస్, చెక్‌సమ్ స్క్రీన్‌షాట్, సీళ్ల ఫోటోలు, సీఎంవీపీ పేజీ ప్రింటు, ఈ ఐదూ ఒక ఫోల్డర్‌లో పెడితే ఆ శుక్రవారం రుజువు తయారు. సీళ్లను మాత్రం ఒక్కసారి ఫోటో తీసి వదిలేయకూడదు. నెలకోసారో, మీ సంస్థ పెట్టుకున్న గడువుకోసారో వెళ్లి చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి.

టెస్ట్ ఫెయిలైతే బాక్స్ ఎర్రర్ మోడ్‌లోకి పోతుంది. సెల్ఫ్-టెస్ట్‌లు ఫెయిలయ్యాయి, సిస్టమ్ ఆగిపోయింది అని కన్సోల్‌లో రాసి నోరు మూసుకుంటుంది. ట్రాఫిక్ ఒక్క ప్యాకెట్ కూడా పోదు. చెడిన ఎన్‌క్రిప్షన్‌తో పనిచేయడం కన్నా చచ్చిపోవడమే మేలన్నది దాని పద్ధతి, అలా చేయాలని రూలు కూడా. పవర్ ఆపి ఆన్ చేసి కన్సోల్‌లో ఏ టెస్ట్ దగ్గర ఆగిందో చూడండి. మళ్లీ అదే వస్తే ఫర్మ్‌వేర్‌ను బూట్ మెనూ నుంచి కొత్తగా ఎక్కించి చూడండి, అప్పటికీ లేవకపోతే సపోర్ట్‌కు లాగ్ పంపి బాక్స్ మార్పించుకోవడమే. ఇది నడి వారంలో జరిగితే ఏం చేస్తారో, అంటే స్పేర్ బాక్స్ ఉందా, అది కూడా ఫిప్స్ మోడ్‌లో ఉందా అన్నది ముందే తేల్చుకోండి.

ఇక అసలు చిక్కు. సర్టిఫికెట్ ఒక బిల్డ్‌కు. కొత్త రంధ్రాలు మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు బయటపడతాయి. 2024 ఫిబ్రవరిలో ఫోర్టిఓఎస్ ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్‌లో సీవీఈ-2024-21762 (సీవీఈ అంటే బయటపడ్డ లోపానికి ఇచ్చే నంబరు) బయటికొచ్చింది. పాస్‌వర్డ్ లేకుండానే బయటి నుంచి కోడ్ నడిపించగల లోపం అది. అప్పటికే దాన్ని వాడుకుంటున్నారు కూడా. అలాంటి రోజు మీ ముందు రెండు దారులు: సర్టిఫై అయిన పాత బిల్డ్‌లో కాగితం ప్రకారం క్షేమంగా ఉండటం, లేదా ప్యాచ్ వేసి కాగితానికి బయట నిలబడటం. నా ఓటు ప్యాచ్‌కే. మోడ్ ఎనేబుల్‌గానే ఉంటుంది, అల్గారిథమ్‌లు అవే ఉంటాయి, బిల్డ్ నంబరు మాత్రమే సర్టిఫికెట్‌తో కలవదు. ఏ రోజు, ఏ సీవీఈ కోసం, ఎవరి అనుమతితో మార్చామో రాసి, క్లయింట్‌కు మెయిల్ పెట్టి, సర్టిఫై అయిన కొత్త బిల్డ్ వచ్చాక దానికి మారండి. వెంటనే ప్యాచ్ వేయలేని కాంట్రాక్టు అయితే ఆ సర్వీసునే ఆపేయండి. వాడని ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్‌ను మొదటి రోజే ఆపి ఉంటే ఆ ఫిబ్రవరిలో ప్రశాంతంగా నిద్రపోయేవాళ్లు.

క్లౌడ్‌లో నడిచే ఫోర్టిగేట్ వీఎం అయితే కథ కొంచెం వేరు. అక్కడ కన్సోల్ కేబుల్ ఉండదు, సీళ్లూ ఉండవు. అదే కమాండ్ దగ్గర స్టేటస్‌కు ఫిప్స్-సైఫర్స్ అనే ఇంకో విలువ ఉంటుంది. అది సైఫర్లను ఆమోదిత జాబితాకు కుదిస్తుంది, అంతవరకే. దాన్ని పూర్తి ఫిప్స్-సీసీ మోడ్ అని రిపోర్ట్‌లో రాయకండి, చదివేవాడికి తేడా తెలుసు.

ఈ మోడ్ నుంచి బయటపడాలంటే సెట్ స్టేటస్ డిసేబుల్ కోసం వెతక్కండి. ఎగ్జిక్యూట్ ఫ్యాక్టరీరీసెట్ ఒక్కటే దారి. మళ్లీ కీలన్నీ చెరిగిపోతాయి, కాన్ఫిగ్ పోతుంది, పాత ఫోర్టిగేట్ మిగులుతుంది. బాక్స్ అమ్మేసేటప్పుడో, రిపేరుకు పంపేటప్పుడో ఇదే చేయాలి. యూఎస్‌బీలో ఉన్న టోకెన్‌ను తీసి మీ దగ్గరే పెట్టుకోవడం మర్చిపోకండి.